చీటీ మీద పేరు

లోబట్టలు జాడించి భార్య తీగ మీద ఆరేస్తుంటే, వెనకనుంచి మాస్టారు గొంతు తగ్గించి, "నీకే వచ్చిందని చెప్పు. ఆడవాళ్లకి ఇవన్నీ మామూలేగా," అన్నాడు.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, కారు నేర్పే మాస్టారు. ఇరవై రెండేళ్లుగా పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించుకుని ఊళ్లో సగం మందికి డ్రైవింగ్ నేర్పాడు. తప్పు చేసినవాడు ఎవడైనా సరే, నడిరోడ్డు మీద అద్దం దించి మరీ దులిపేస్తాడు. అలాంటివాడు సొంత పెరట్లో సొంత పెళ్లాంతో గుసగుసలాడుతున్నాడంటే సంగతి చిన్నది కాదన్నమాట. పది రోజుల నుంచి అతనికి 'అక్కడ' దురద. ముందు దురదే, తర్వాత మంట, ఇప్పుడు ఎర్రగా కందిపోయి చర్మం చివర సన్నటి పగుళ్లు. స్నానం చేస్తుంటే నీళ్లు తగిలినా చురుక్కుమంటోందట.

ఆ ఇంట్లో ప్రతిదానికీ పేరుంది. పిడి విరిగిన కుక్కరుకి కూడా మొండి కుక్కరని పేరుంది. ఆ ఒక్క అవయవానికి మాత్రం 'అక్కడ' తప్ప వేరే పేరు లేదు. అది కూడా హాల్లో టీవీ ముందు కూర్చున్న మాస్టారి తల్లి చెవిన పడకుండా అనాలి.

అతని భార్యకి ఈ 'అక్కడ'ల గొడవే లేదు. ఆమె పదిహేడేళ్లుగా చంటిపిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రంలో ఆయా. పిల్లలు ఆయమ్మా అన్నారు, వాళ్లను చూసి టీచర్లన్నారు, వాళ్లను చూసి వీధి వీధంతా అంది. ఆయమ్మ అంటే ఆయా అనుకోవచ్చు, ఎవరో ఒకావిడ అని కూడా అనుకోవచ్చు, రెండూ తనకి సరిగ్గా సరిపోయాయని ఆమే నవ్వుతూ చెబుతుంది. ఇరవై ఆరు మంది పిల్లలు, రోజుకి తక్కువలో తక్కువ అరవై సార్లు కడగడం, తుడవడం, మార్చడం. ఎవరికైనా ఎర్రబడితే సాయంత్రం గేటు దగ్గర వాళ్లమ్మతో మామూలు గొంతుతోనే చెబుతుంది. ఏ తల్లీ సిగ్గుతో చచ్చిపోలేదు. గోరువెచ్చటి నీళ్లు, సబ్బు వద్దు, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దాలి, కాసేపు గాలి తగలనిచ్చి అప్పుడు క్రీము. ఇది ఆమెకి నోటి లెక్క.

అందుకే, "ఏదీ, ఒకసారి చూపించండి," అంది మాస్టారుతో.

మాస్టారు తల అటూ ఇటూ తిప్పి చూసి, "నీకేమన్నా మతిపోయిందా," అన్నాడు. పెళ్లయి ఇరవై నాలుగేళ్లయింది. ఒక్కగానొక్క కూతురు చదువైపోయి ఉద్యోగంలో కూడా చేరింది. ఆ పిల్లేమీ ఆకాశంలోంచి ఊడిపడలేదు కదండీ అని ఆయమ్మకి నోటిదాకా వచ్చింది. తడి బట్టలు చేతిలో ఉండటం వల్ల కాబోలు, అనకుండా ఊరుకుంది.

అలా మొదటి చీటీ పుట్టింది. పిల్లల కేంద్రం పక్క సందులో ఆడవాళ్లకి వైద్యం చేసే డాక్టరమ్మ క్లినిక్ ఉంది. కౌంటర్లో పేరు, వయసు రాసుకున్నారు. ఆయమ్మ తన దురద కాని దురదని తనదిగా చెప్పింది. డాక్టరమ్మ చూస్తానంటే ఇవాళ వీలు కాదండీ అంది. డాక్టరమ్మ నమ్మలేనట్టు ఒక చూపు చూసి, క్రీము రాసిచ్చి, తగ్గకపోతే తప్పకుండా రమ్మంది. ఆ ట్యూబు మాస్టారు చేతికి చేరింది. నాలుగు రోజులు రాసుకున్నాడు, హాయిగా అనిపించింది, మానేశాడు. మూడు వారాలకి మళ్లీ మొదలు. రెండో చీటీ.

ఈ మధ్యలో సొంత వైద్యం ఒకటి. గాయాలు కడిగే ఘాటు మందునీళ్ల సీసా కొనుక్కొచ్చి రోజుకి మూడుసార్లు కడుక్కోవడం మొదలుపెట్టాడు. జబ్బుని కడిగి పారేయాలని పట్టుదల. బాత్రూము ఆస్పత్రిలా వాసన కొడుతుంటే ఆయమ్మకి అర్థమైపోయింది. పిల్లలకైతే మేం సబ్బు కూడా తగలనివ్వమండీ అంటే, పిల్లలూ నేనూ ఒకటేనా అన్నాడు. ఒకటే అని ఆమె ఉద్దేశం. ఇక షుగరు సంగతి అడక్కండి. ఆరేళ్లుగా ఉంది. మాత్రలు గుర్తొస్తే వేసుకుంటాడు, గుర్తు రాకపోతే షుగరు కూడా తనని మర్చిపోయిందనుకుంటాడు. లైసెన్సు వచ్చిన ప్రతివాడూ స్వీట్ల డబ్బాతో వస్తాడు. శిష్యుల సంతోషం కాదనలేక ఒకటి, వాళ్లు బతిమాలారని ఇంకొకటి.

రెండు చీటీలూ బీరువా సొరుగులో ఉన్నాయి. అత్తగారు తన పాత కళ్లజోడు కోసం వెతుకుతుంటే చేతికి తగిలాయి. ఆవిడ అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. పైన స్త్రీల వైద్యం అని ఉంది, కింద కోడలి పేరుంది. ఇంకేం చదవాలి. "అబ్బాయి మొహం పీక్కుపోతుంటే ఏమిటా అనుకున్నాను. ఇదన్నమాట," అని మాత్రం అంది. మర్నాటికల్లా కోడలి బకెట్టు వేరైంది, సబ్బు వేరైంది, తువ్వాలు తీగ చివరికి జరిగింది. తన కూతురికి ఫోన్ చేసి గొంతు తగ్గించాననుకుంటూ ఇల్లంతా వినబడేలా, బయట తిరిగొచ్చే మనిషి, ఎక్కడేం అంటించుకొచ్చిందో అని చెప్పింది. కొడుకుని హాల్లో పడుకోమంది. మాస్టారు దిండు చంకలో పెట్టుకుని, ఎదురుమాట లేకుండా, హాల్లోకి వెళ్లిపోయాడు.

అత్తగారు అన్నందుకు ఆయమ్మకి బాధ కలగలేదని కాదు. ఆవిడ తెలియక అంది. తెలిసినవాడు దిండు పట్టుకుని నడుస్తుంటే, ఆ వీపు చూస్తే కడుపు రగిలిపోయింది. రెండు రోజులు ఆగి, సాయంత్రం టీ ఇస్తూ అడిగింది, అత్తయ్యకి మీరు ఒక మాట చెప్పొచ్చుగా అని. మాస్టారు కప్పులోకి చూస్తూ చెంచా తిప్పాడు.

"చెబుదాంలే. అయినా ఎవరికి తెలుసు, నీ దగ్గర్నుంచే వచ్చిందేమో. చీటీ మీద నీ పేరే ఉందిగా."

ఆమెకి ముందు నవ్వొచ్చింది. తను రాయించిన అబద్ధాన్ని తనే చదువుకుని నమ్మేశాడు మహానుభావుడు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మాట చెడ్డది, ఒకసారి చెవిలో పడితే లోపల ఎక్కడో కూర్చుంటుంది. మర్నాడు పిల్లల కేంద్రంలో చేతులు రెండుసార్లు కడుక్కుంది. ఆ మర్నాడు నాలుగుసార్లు. రోజంతా వంగి లేచే పని, చెమట, అందులో నలభై ఆరేళ్ల ఒళ్లు, ఎప్పుడన్నా కాస్త దురద పుట్టడం ఎవరికి ఉండదు. అదీ ఇదీ ఒకటేనేమో. పదిహేడేళ్లుగా ఎవరెవరి పిల్లల్నో కడిగిన చేతులివి, వాటికి ఏదన్నా ఉందేమో. తనదే అయితే. ఒక పాపకి తొడల దగ్గర ఎర్రబడితే గేటు దగ్గర వాళ్లమ్మతో చెప్పడానికి మొదటిసారి నోరు పెగల్లేదు. ఆ పాప ఒళ్లోకి ఎక్కబోతే పక్కనున్న చాప మీద కూర్చోబెట్టింది. పాప ఏడిచింది. ఇది బయటికి పొక్కితే పనిలోంచి తీసేస్తారన్న భయం ఒకటి. దాన్ని మించిన భయం ఇంకోటి, తను శుభ్రమైన మనిషిని అని ఇంతకాలం ఏ ఆలోచనా లేకుండా నమ్ముకున్నది ఇప్పుడు నమ్మలేకపోవడం. ఒక అబద్ధం మొగుడి కోసం ఆడింది. అది అబద్ధమో కాదో ఇప్పుడు తనకే తెలియడం లేదు.

అందుకే మూడోసారి క్లినిక్‌కి మాస్టారు పంపకుండానే వెళ్లింది. "పూర్తిగా చూడండి డాక్టరమ్మా. రక్తం కూడా చూడండి," అంది. బల్ల మీద పడుకుని, పరీక్ష అయ్యేదాకా పైకప్పుకేసే చూసింది. రక్త పరీక్ష కాగితం వచ్చేదాకా గంటసేపు బయట బెంచీ మీద కూర్చుంది. పక్కనున్నావిడ ఏదో అడిగితే ఏం జవాబు చెప్పిందో ఆమెకి గుర్తు లేదు.

డాక్టరమ్మ కాగితం చూసి, పాత చీటీల నకళ్లు కూడా చూసి, కళ్లజోడు తీసింది. "మీకు ఏ జబ్బూ లేదు. షుగర్ లేదు, ఇన్ఫెక్షన్ లేదు. మరి ఈ రెండు చీటీల మందులు ఎవరు వాడారు?"

ఆయమ్మకి ఒక్కసారి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "మా ఆయన," అంది. అన్న తర్వాత ఊపిరి ఎంత బాగా ఆడిందంటే, ఇన్ని రోజులు సగం ఊపిరితోనే బతికినట్టుంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. మీరేం మొదటావిడ కాదు, ఆఖరావిడా కాదు అంది. ఆయనకి షుగరుందా అని మాత్రం అడిగింది. ఆరేళ్లుగా అని వినగానే, అదీ సంగతి అన్నట్టు తలూపి వివరంగా చెప్పింది. షుగరు అదుపులో లేకపోతే మూత్రంలోకి దిగుతుంది. అక్కడ ముందువైపు చర్మం కింద ఆ తడి, ఆ తీపి నిలిచి ఉంటే ఒంటి మీద మామూలుగా ఉండే ఫంగస్ పండగ చేసుకుంటుంది. ఇది చెడు తిరుగుళ్ల జబ్బు కాదు, ఎవరి శీలానికీ దీనికీ లంకె లేదు. మామూలు నీళ్లతో కడుక్కుని, పొడిగా అద్దుకుని, డాక్టరు చెప్పినన్ని రోజులూ క్రీము రాసుకుంటే తగ్గుతుంది. షుగరు తగ్గకపోతే మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంది. చర్మం వెనక్కి రాకుండా బిగుసుకుపోయినా, వెనక్కి వెళ్లి ముందుకి రాకపోయినా, మూత్రం ఆగినా ఆలస్యం చేయకూడదు. ఆయన్ని ఎవరో ఒకరు కళ్లతో చూడాలి. వాడే మాత్రలన్నీ పట్టుకుని వెళ్లాలి, షుగరు మందుల్లో కూడా కొన్ని షుగరుని మూత్రంలోంచే పంపుతాయి, అలాగని సొంతంగా ఏదీ మానకూడదు. మీకు ఏ ఇబ్బందీ లేదు కాబట్టి మీకు మందు అక్కర్లేదు.

"ఆ మాట రాసిస్తారా," అని అడిగింది ఆయమ్మ. డాక్టరమ్మ రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. మందు లేని చీటీ. పరీక్షించాను, జబ్బు లేదు, అంతే.

ఆ మధ్యాహ్నం పిల్లల కేంద్రానికి తిరిగి వెళ్తూ ఆమె గబగబా నడిచింది. ఎండ అలాగే ఉంది, సందు అలాగే ఉంది, ఆమె ఒళ్లు మాత్రం తేలికైపోయింది. మొన్న ఏడిచిన పాపని ఎత్తుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. సాయంత్రం గేటు దగ్గర వాళ్లమ్మతో మామూలు గొంతుతో, ఎర్రబడిందమ్మా, రెండు రోజులు డైపరు కాస్త వదులుగా వేయండి అని చెప్పింది. తర్వాత ఇంటికి బస్సులో వెళ్తూ, ఈ చీటీ అత్తగారి మొహాన పెడితే సరి అనుకుంది. రెండు స్టాపులు దాటేసరికి ఆ ఆలోచన నచ్చలేదు. తప్పు చేసినవాళ్లు కదా సాక్ష్యం తెచ్చుకోవాల్సింది. తను చేయని తప్పుకి తనే కాగితాలు పట్టుకుని గుమ్మం ముందు నిలబడటం ఏమిటి. చీటీ మడిచి పర్సులో పెట్టేసుకుంది. అది ఆమె కోసమే తెచ్చుకున్నది.

ఇంటికొచ్చి మాస్టారుకి విషయమంతా చెప్పింది. అన్నీ విని అతను, "సరే, ఆ క్రీమే మళ్లీ రాయించుకురా," అన్నాడు.

"ఇక నా పేరు మీద మందు రాదు," అంది ఆయమ్మ.

ఆడ డాక్టరు దగ్గరికి నేను రానన్నాడు. పెద్ద క్లినిక్‌లో పొద్దున పూట మగ డాక్టరున్నాడంది. పని ఉందన్నాడు. ఆమె సరేనని బీన్స్ తరగడానికి కూర్చుంది. బతిమాలలేదు, గుర్తు చేయలేదు, మళ్లీ ఆ ఊసే ఎత్తలేదు. ఇంత తేలిగ్గా ఊరుకోవచ్చని ఆమెకి ఇన్నేళ్లూ తెలియదు. మాస్టారు ఎనిమిది రోజులు ఓర్చుకున్నాడు. కారులో కూర్చునే పద్ధతి మారింది, నడిచే పద్ధతి మారింది, శిష్యుల మీద కేకలు రెట్టింపయ్యాయి. తొమ్మిదో రోజు పొద్దున బాత్రూములోంచి మొహం వేలాడేసుకుని వచ్చి, చర్మం వెనక్కి రావడం లేదు, ఇవాళే వెళ్దాం, నువ్వూ రా అన్నాడు. ఆయమ్మ సెలవు పెట్టింది. బయల్దేరేటప్పుడు మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకోమంటే వేసుకున్నాడు, తనే.

పెద్ద క్లినిక్ కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండా పేషెంటు పేరు అడిగింది. మాస్టారు అలవాటుగా ఆయమ్మ వైపు చూశాడు. ఆయమ్మ వెళ్లి కుర్చీలో కూర్చుంది. వరుసలో వెనక ఆరుగురున్నారు. మాస్టారు గొంతు సవరించుకుని తన పేరు చెప్పాడు, వయసు చెప్పాడు, ఏం ఇబ్బంది అంటే షుగరు అన్నాడు. ఆమెకి అది చాలనిపించింది. మిగతాది లోపల చెప్పుకుంటాడు. లోపలికి పిలిచినప్పుడు నువ్వూ రా అన్నట్టు సైగ చేశాడు. "నేనిక్కడ కూర్చుంటాను, మీరు వెళ్లండి," అంది.

అరగంట తర్వాత బయటికి వచ్చిన మాస్టారు వేరే మనిషి. మొహం మీద బిగువంతా పోయింది. బస్టాపు దాకా ఆగకుండా మాట్లాడాడు. ఆ డాక్టరు ఇలాంటివాళ్లని రోజూ చూస్తాడట. మొన్న ఒక లెక్చరర్, నిన్న ఒక బ్యాంకు మేనేజరట. భయపడాల్సిందేం లేదట, ఇంకో వారం ఆగుంటే మాత్రం కష్టమయ్యేదట. షుగరు మూడు వందల నలభై ఉందట. ఒక మాత్ర మార్చాడట. "ఇంకో సంగతి విను. ఆ మందునీళ్లు అసలు వాడకూడదట. సబ్బు కూడా వద్దట. ఉత్త నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్దుకోవాలట. నీకు తెలుసా ఈ విషయం?"

పదిహేడేళ్లు, రోజుకి అరవై సార్లు. ఆయమ్మ బస్టాపు బెంచీ మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకుందామంటే ఆగలేదు, కళ్లమ్మట నీళ్లు కారాయి. మాస్టారు కాసేపు ఏమీ అర్థం కాక నిలబడి, తర్వాత అర్థమైనట్టుంది, పక్కన కూర్చుని తనూ నవ్వాడు. ఎన్ని నెలలైందో వాళ్లిద్దరూ అలా నవ్వుకుని.

కొత్తగా బుద్ధొచ్చినవాడి ఉత్సాహం చూడాలి. పొద్దున్నే నడక, వేళకి మాత్ర, స్వీట్ల డబ్బా తెచ్చిన శిష్యుడికి షుగరు మీద ఉపన్యాసం. క్రీము ఆపొచ్చని డాక్టరు చెప్పేదాకా ఆపలేదు. తన లోబట్టలు తనే ఉతుక్కుంటున్నాడు, ఎందుకంటే అవి బాగా జాడించి ఎండలో ఆరేయాలని, ఆ పని జాగ్రత్తగా చేయాలని డాక్టరు చెప్పాడట. ఇరవై నాలుగేళ్లు అజాగ్రత్తగా చేసినావిడ అరుగు మీద కూర్చుని చూస్తూ టీ తాగింది. మూడు వారాలకి మొత్తం తగ్గిపోయింది. షుగరు నూట అరవైకి దిగింది. ఇల్లంతా ఏదో బరువు దింపుకున్నట్టు తెరిపిన పడింది.

ఆ ఆదివారం భోజనాలయ్యాక మాస్టారు దిండు చంకలో పెట్టుకుని గది గుమ్మం దగ్గరికొచ్చాడు. ఆయమ్మ మంచం మీద నుంచి లేవకుండానే, "ముందు అత్తయ్యకి చెప్పి రండి," అంది.

తగ్గిపోయిందిగా, ఇంకెందుకే అన్నాడు.

"మీకు తగ్గింది. నాకు తగ్గలేదు."

మాస్టారు దిండు తలుపు పక్కన పెట్టి హాల్లోకి నడిచాడు. అత్తగారు ఉతికిన బట్టలు మడత పెడుతోంది. అతను కుర్చీ లాక్కుని, టీవీ కట్టేసి, తల వంచుకుని చెప్పాడు. జబ్బు తనదని, మందు తనే వాడాడని, సిగ్గుపడి ఆమె పేరు రాయించాడని, ఆమెకి ఏ రోగమూ లేదని, షుగరు వల్ల మగవాళ్లకి ఇలా వస్తుందని డాక్టరు చెప్పాడని. గుసగుసగా కాదు, మామూలు గొంతుతోనే చెప్పాడు. చెప్పలేక చెప్పాడు గానీ ఏదీ దాచలేదు. గుమ్మం దగ్గర నిలబడి విన్న ఆయమ్మకి, ఇన్నాళ్లూ గుండెలో అడ్డం పడ్డదేదో దిగిపోయినట్టైంది. అత్తగారు ఇప్పుడు ఏమన్నా అననీ, అది తనకి తగలదని తెలిసిపోయింది.

అత్తగారి చేతిలో ఉన్న లుంగీ మడత సగంలో ఆగిపోయింది.

"షుగరు వల్ల వస్తుందా," అందావిడ. "ఆడదాని వల్ల కాదా?"

"కాదమ్మా. షుగరే దీనికి మూలం."

"మీ నాన్నకీ షుగరే కదరా." ఆవిడ కొడుకుని చూడటం లేదు, గుమ్మంలో ఉన్న కోడల్ని చూస్తోంది. "ఆయనక్కూడా ఇలాగే ఉండేది. వేడి చేసిందనేవారు. నీ ఒంట్లో దోషం ఉంది, నా కొడుక్కి ఎక్కించావని మా అత్తగారంది. నన్ను పదకొండేళ్లు వంటింట్లో పడుకోబెట్టారు. ఆవిడ పోయాక కూడా నేనే వెళ్లి అక్కడే పడుకునేదాన్ని, నిజమేనేమోనని."

ఆయమ్మ వెళ్లి ఆవిడ పక్కన కింద కూర్చుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, చేతిలో మడత పడని లుంగీ, కోడలి మొహంలోకి చూస్తూ చిన్నపిల్లలా అడిగింది.

"అయితే, అమ్మాయ్, నాది కూడా కాదా?"